గులాబీరంగు గణపతి

శ్రావణ బహుళ పంచమి

కచేరీలో పగలల్లా దొరల మాటలు రాసి రాసి చెయ్యి పీకుతుంది. అయినా ఇవాళ్టి నుంచి నా మాట కూడా నాలుగు ముక్కలు రాసుకోవాలనిపించింది. దొరల లెక్కలో 1853, మన లెక్కలో ప్రమాదీచ. ఈ కాగితాలు ఎవరూ చూడరు. చూడకుండా ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు.

గన్నవరంలో నది మీదుగా కాలువ దాటించే పని చేయిస్తూ మా దొర చలిజ్వరంతో పోయాడు. ఆయన సామాను ఇవాళ వేలం వేశారు. గుర్రానికీ తుపాకీకీ జనం ఎగబడ్డారు. ఆయన ప్రాణంలా చూసుకున్న రాళ్ళపెట్టెను మాత్రం ఎవరూ అడగలేదు. దేశదేశాల నుంచి తెప్పించుకున్న రాళ్ళు. దుబాసీ సుందరరావు నా పక్కకి వచ్చి, "మీకేదైనా నచ్చితే తీసుకోండి రాయసంగారూ, ఎవరూ అడగరు" అన్నాడు. ఊరికే ఇచ్చే మనిషి కాదు. ఇందులో ఏదో మెలిక ఉండే ఉంటుంది.

రాళ్ళన్నిటిలోకీ ఒకటి విడిగా గాజు మూత కింద ఉంది. దాన్ని చూసి మరి కన్ను తిప్పుకోలేకపోయాను. తామరమొగ్గ లోపలి రేకుల రంగు, మధ్యమధ్య చిక్కటి కుంకుమ ఎరుపు. సన్నటి సూదులన్నీ ఒక్కచోటి నుంచి విచ్చుకున్నట్టు ఉంది. గాజు మూత పెట్టాడంటే ఎంత విలువైనదో అదే చెబుతోంది. పైపంచెలో చుట్టుకుని పడవెక్కాను.

మా పంచాయతనం అయిదు రాళ్ళల్లో గణపతి రాయి లేదు. ముత్తాతగారు కాశీ నుంచి కాలినడకన వస్తూ శోణానదిలో ఏరి తెచ్చిన ఎర్రరాయి అది. వరదలో పడవ తిరగబడ్డప్పుడు నదిలో కలిసిపోయింది. అప్పటి నుంచీ నాలుగు రాళ్ళకీ పూజ చేసి, గణపతి చోట పసుపుముద్ద పెడుతున్నాను. ఆ తర్వాతే నా భార్య సత్యవేణికి రెండుసార్లు కడుపు నిలవలేదు. నేను ఊరికే అనుమానాలు పెట్టుకునే మనిషిని కాదు. కాని ఆ రెంటికీ సంబంధం లేదని ఎవరైనా చెబితే మాత్రం నమ్మను.

భాద్రపద శుద్ధ చవితి

ఇవాళ ప్రతిష్ఠ. ఇంతకన్నా మంచిరోజు ఏముంది.

మంగాయమ్మ అత్తయ్య పొద్దున్నే మొదలుపెట్టింది. మా నాన్నకి అక్కగారు, చిన్నతనంలోనే పసుపుకుంకాలు పోయి మా ఇంటికి వచ్చింది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది. అంచేత ఇంట్లో పుల్ల కదలాలన్నా తనని అడగాలనుకుంటుంది.

"ఎవడి చేతిలోదో, ఏ దేశపు మన్నో. ఎవరినన్నా పెద్దల్ని అడగొద్దురా రమణా?"

"అడగడానికేముంది అత్తయ్యా. ఎర్రరాయి గణపతి. శాస్త్రం చెప్పిందే కదా."

"శోణభద్రం అంత మెత్తగా ఉండదురా. గోరు తగిలితేనే పొడి రాలుతోంది."

ఇంట్లో పిల్లలు పుడితే పెత్తనం కోడలికి పోతుంది. ఈ రాయంటే ఆవిడకి ఎందుకు గిట్టదో నాకు తెలియదనుకుంటోంది.

పాలూ పెరుగూ తేనే కొబ్బరినీళ్ళూ, అన్నీ అభిషేకించాను. తీర్థం లేత గులాబీరంగు తేరింది. ఒళ్ళు పులకరించింది. ఆ నాలుగు రాళ్ళూ ఏనాడూ తమ రంగు మాకు ఇవ్వలేదు. సత్యవేణి మొక్కుకుంది. సంతానం కలిగేదాకా రోజూ పరగడుపున గిన్నెడు తీర్థం, అడుగున పేరుకున్న ఎర్రపొడితో సహా, నేనిచ్చింది పుచ్చుకుంటుందట. నేను ఉద్ధరిణెడు పుచ్చుకుంటాను. మగవాడికి అంతే చాలు.

భాద్రపద బహుళ దశమి

సత్యవేణికి పొద్దున్న వాంతి. నిన్న కూడా.

రాయడానికి భయంగా ఉంది, దిష్టి తగులుతుందేమోనని. అయినా రాస్తున్నాను. వేవిళ్ళు.

ఆశ్వయుజ శుద్ధ తదియ

కాదట.

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి

వాంతులు ఆగలేదు. అన్నం చూస్తే మొహం తిప్పేసుకుంటోంది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, కాళ్ళల్లో చీమలు పాకినట్టు ఉంటోందట. వైద్యుడు రామ్మూర్తిగారు నాడి చూసి పైత్యం అన్నారు. ఆయనకి ఏది వచ్చినా పైత్యమే. మాత్రలు ఇచ్చారు. తీర్థంతో వేసుకోమన్నాను, మందుకు దైవబలం తోడవుతుందని.

రేవు దాటుతుంటే పడవ పోతురాజు అడిగాడు.

"అమ్మగారికి ఎలా ఉందండీ?"

"అలాగే ఉందిరా."

"నేనన్నానని అనుకోకండి బాబయ్యగారూ. మా పేటలో ఒకమ్మాయికి అచ్చం ఇలాగే అయ్యిందండి. మందు పెట్టేరండి."

"ఎవరు?"

"ఇంట్లోవాళ్ళే పెడతారండీ, బయటోళ్ళ చేతికూడు ఎవరు తింటారు. ఆయ్."

గెడ వేస్తూ మామూలుగా అన్నాడు. నేను నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో వంట చేసేది ఒక్కరే.

ఆశ్వయుజ బహుళ విదియ

అత్తయ్యను అనుమానించడం లేదు. గమనిస్తున్నాను, అంతే.

వడ్డించే ముందు ప్రతిదీ ఆవిడను ఒక ముద్ద తినమన్నాను. నవ్వుతూనే అన్నాను.

"ఉప్పు చూడ్డానికా?" అంది.

"ఆఁ, ఉప్పు చూడ్డానికే."

ఆవిడ నా మొహంకేసి కాసేపు చూసి, తీసుకుని తింది. అప్పటి నుంచి అడక్కుండానే ప్రతిదీ ముందు తింటోంది. ఏ తప్పూ చేయని మనిషి ఇంత తొందరగా ఒప్పుకుంటుందా?

ఆశ్వయుజ బహుళ అష్టమి

ఇవాళ పూజ మధ్యలో జరిగినది రాసి తీరాలి.

సాంబ్రాణి ధూపం వేస్తున్నాను. గణపతిని తుడిచి పళ్ళెంలో పెట్టబోతుంటే అంచున చిన్న పలుకు రాలి నిప్పుల్లో పడింది. అది అనుకోకుండా జరిగింది, అదేం పెద్ద విషయం కాదు. పెద్ద విషయం ఏమిటంటే, ఆ వెంటనే ఇల్లంతా వెల్లుల్లి వాసన. మా తాతల నాటి నుంచీ వెల్లుల్లి గడప తొక్కని ఇల్లు ఇది. దేవుడిగదిలో కూర్చుని, ధూపం ఎదుట, ఘాటుగా కాల్చిన వెల్లుల్లి వాసన పీల్చాను.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య పొయ్యి దగ్గర లేదు, పెరట్లో ఉంది. అదీ సంగతి. నిప్పులో వేసి బయటికి తప్పుకుంది. మందులో వెల్లుల్లి కలుపుతారని విన్నాను. ఉట్టి మీదా, బియ్యపుకుండలోనూ, చివరికి ఆవిడ మడిబట్టల మూట విప్పి కూడా వెతికాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. దొరకలేదు. తెలివైన మనిషి.

కార్తీక శుద్ధ షష్ఠి

గన్నవరంలో గోడ ఒకటి కుంగిందని పనికి పిలిచి అక్కడే ఉంచేశారు. సత్యవేణి రోజూ పుచ్చుకోవాలని కుండెడు తీర్థం చేసిపెట్టే వెళ్ళాను. ఇవాళే ఇల్లు చేరాను. సత్యవేణి గుమ్మంలోకి ఎదురొచ్చింది. మొహం తేటగా ఉంది. మజ్జిగన్నం తిందట, నిలిచిందట.

సంతోషించాలి. సంతోషించాను కూడా. కాని కాళ్ళు కడుక్కుంటూ ఆలోచిస్తే అంతా బోధపడింది. నేను లేనప్పుడు బాగుంటే, నేను ఉన్నప్పుడే పాడవుతుందని లోకం అనుకోవాలి. అత్తయ్య కావాలనే మందు ఆపింది.

కార్తీక శుద్ధ దశమి

పట్టుకున్నాను.

పూజ అయ్యాక కచేరీ కాగితాలు మరిచిపోయి వెనక్కి వచ్చాను. పెరట్లో అత్తయ్య, సత్యవేణికని ఇచ్చిన గిన్నె చేత్తో పట్టుకుని, తీర్థం మొత్తం అరటిపాదులో పారబోస్తోంది. దేవుడి తీర్థం, మట్టిలో.

"ఏమిటది?"

"ఆ పిల్ల తాగలేకపోతోందిరా."

"నేను లేనప్పుడు కూడా పారబోశావా?"

"ఆఁ, పారబోసేను. నువ్వు లేనన్నాళ్ళూ పారబోసేను. ఆ నీళ్ళు..."

ఇంక వినలేదు. అకాలమృత్యువును తొలగిస్తుందని మంత్రం చెప్పే తీర్థాన్ని మట్టిపాలు చేసే మనిషి మాట ఏం వినాలి? లోపలికి వెళ్ళి మళ్ళీ అభిషేకం చేసి, కొత్తగా తీర్థం తెచ్చి, సత్యవేణి తల నా భుజానికి ఆనించి దగ్గరుండి తాగించాను. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే మింగింది. మంచి పిల్ల.

కార్తీక పౌర్ణమి

దీపాలు పెట్టి వచ్చి కూర్చుంటే, సత్యవేణి ఏదో చెప్పబోయి దగ్గరగా వంగింది. నోట్లోంచి వెల్లుల్లి వాసన.

ఇంక ఆగలేకపోయాను. అత్తయ్యను అరుగు మీదికి పిలిచి అన్నీ అడిగేశాను. ఏం పెట్టావు, ఎక్కడిది, ఎవరిచ్చారు అని. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే నా మనసు ఏమైనా మారేదేమో.

"నీకు చెప్పడానికి నాకు మాట లేదురా. ఆ రాయిని ఒకసారి పెద్దవాళ్ళెవరికైనా చూపించు. అదొక్కటే చెబుతాను."

"రాయి మాట ఎత్తకు."

మూట కట్టుకుంది. ద్రాక్షారామంలో సత్రం ఉంది, వంటమనిషి కావాలంటున్నారు, అక్కడికి పోతానంది. పోతురాజు పడవలో పంపాను. సత్యవేణి లేవలేక, మంచం మీద నుంచే "అత్తయ్యగారూ" అని పిలిచింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. నేనూ, తనూ. ఇంక ఏ భయమూ లేదు.

కార్తీక బహుళ సప్తమి

వంట నేనే చేస్తున్నాను. గింజ ముట్టేది నేనే, నీళ్ళు తోడేది నేనే. రామ్మూర్తిగారి మాత్రలు మానిపించాను. ఆయన అత్తయ్యకి అత్తింటి వైపు చుట్టమని ఈమధ్యే తెలిసింది. సత్యవేణి నా చేతి నుంచి తప్ప చుక్క పుచ్చుకోకూడదని ఒట్టు వేయించుకున్నాను. పరగడుపున ఒక్కసారి సరిపోవడం లేదని, మూడు పూటలా తీర్థం ఇస్తున్నాను. తీర్థంలో మందు ఎవడు కలుపుతాడు? అది నా చేతిలోంచి వచ్చేది.

నమ్మదగినది ఈ ఇంట్లో అదొక్కటే.

కార్తీక బహుళ ఏకాదశి

జుట్టు ఊడుతోంది. దువ్వెన నాకు కనబడకుండా దాచిపెడుతోంది.

కార్తీక అమావాస్య

అత్తయ్య వెళ్ళి పక్షం రోజులే అయింది. మందు ఇంకా ఒంట్లో ఉండే ఉంటుంది. అందుకే తగ్గడం లేదు. అంతే అయ్యుండాలి. నాకూ కడుపులో బాగుండడం లేదు. నాకూ పెట్టిందా?

అరిచేతులు గరుకుగా అయ్యాయి సత్యవేణివి. తీర్థానికి చెయ్యి చాపుతుంటే వణుకుతోంది. "మీరిస్తే తాగుతానండీ" అంది. ఎంత నమ్మకం. నాకు ఏడుపొచ్చింది.

మార్గశిర శుద్ధ చవితి

మద్రాసు నుంచి ఒక చిన్నదొర వచ్చాడు. పోయిన దొరకి స్నేహితుడట. బట్టలూ డబ్బూ ఏమీ అడగలేదు, రాళ్ళపెట్టె ఎక్కడ అన్నాడు. సుందరరావు పెట్టె తెచ్చి పెట్టాడు. ఎవరూ కొనలేదని తనింట్లో దాచుకున్నాడన్నమాట, నేను అనుకున్నదే. దొర ఒక్కో రాయీ తీసి, గుడ్డతో తుడిచి, పేరు చెప్పి పక్కన పెట్టాడు. చివరికి ఖాళీ గాజు మూత ఎత్తి చూశాడు.

సుందరరావు నాకేసి చూశాడు. దాచి లాభం లేదని, మా ఇంట్లో దేవుడి దగ్గర ఉందని చెప్పాను. దేవుడి దగ్గర అంటే ఏమిటని దొర అడిగాడు. నేను చెప్పాను. అభిషేకం, తీర్థం, అన్నీ. సుందరరావు తర్జుమా చేస్తున్నాడు. తీర్థం దగ్గరికి వచ్చేసరికి దొర చేతిలో మూత బల్ల మీద పెట్టేశాడు.

"ఎవరు తాగుతున్నారు అని అడుగుతున్నారండీ" అన్నాడు సుందరరావు.

"నా భార్య."

దొర చాలాసేపు గబగబా మాట్లాడాడు. సుందరరావు మెల్లిగా చెప్పాడు. ఆ రాయి సాక్సనీ అనే దేశంలో గనుల్లో పూస్తుందట. కోబాల్టు అనే లోహం వల్ల ఆ రంగు. రాళ్ళు పోగుచేసేవాళ్ళు దానికోసం ప్రాణం పెడతారట. కాని ఆ లోహంతో పాటు అందులో పాషాణం కూడా ఉందట. అందుకే పొడి చేతికి అంటకుండా విడిగా మూత కింద పెట్టారట.

"పాషాణమంటే విషమేనా, సుందరరావుగారూ?"

"ఆయ్. ఎలకలకి పెడతారే, అదేనండి."

రాయి కావాలి కనక దొర కథ కడుతున్నాడు. లేకపోతే సుందరరావే సొంతంగా కల్పించి చెబుతున్నాడు. ఇద్దరికీ అందులో వాటా ఉండి ఉంటుంది. నేను లేవబోతుంటే దొర ఏదో అన్నాడు.

"నమ్మకపోతే చిన్న పలుకు నిప్పు మీద వేసి చూడమంటున్నారండీ. పొగ మాత్రం పీల్చొద్దంటున్నారు. వాసన మీకే తెలుస్తుందట."

పడవలో వస్తున్నంతసేపూ నాకు ఒక్కటే ఆలోచన. దొర చెప్పింది అబద్ధమని రేపు వాళ్ళ మొహం మీదే అనాలని.

అదే రోజు

వేశాను.

వెల్లుల్లి.

మార్గశిర శుద్ధ పంచమి

పొద్దున్న సత్యవేణి మంచం మీద లేచి కూర్చుని, ఎప్పటిలా చెయ్యి చాపింది. లేదన్నాను. ఎందుకని అడిగింది.

"ఆ రాయిలో విషం ఉందట. దొర చెప్పాడు."

"అత్తయ్యగారు పాదులో పోసినది అదేనాండీ?"

"అదే."

"మీరు మళ్ళీ తెచ్చి తాగించినదీ?"

"అదే."

గోడవైపు తిరిగి పడుకుంది. నాకు తెలియదు కదా అని అందామనుకున్నాను. తెలుసుకోవడానికి ఎన్నిసార్లు వీలు దొరికిందో గుర్తొచ్చి ఆ మాట మానుకున్నాను. ఈ కాగితాలే చాలు, వెనక్కి తిప్పితే పుటపుటకీ కనిపిస్తున్నాయి.

రామ్మూర్తిగారి ఇంటికి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను. నన్నేమీ అనకుండా వచ్చారు. పాలూ, నెయ్యీ, లేత కొబ్బరినీళ్ళూ, ఆయన పద్ధతేదో ఆయన మొదలుపెట్టారు. నిలబడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నారు.

రాయిని దొరకి ఇచ్చేశాను. దాన్ని దూదిలో పెట్టుకుని, వెలుగులోకి తిప్పి చూసుకుని, పసిబిడ్డని చూసినట్టు చూశాడు. నిజంగానే అందమైన రాయి. ఇప్పటికీ అలాగే అనిపించింది నాకు.

మార్గశిర బహుళ ద్వాదశి

సత్యవేణి తన చేత్తో మజ్జిగన్నం కలుపుకుంది. బతుకుతుందన్నారు రామ్మూర్తిగారు. కాళ్ళల్లో తిమ్మిరి మాత్రం ఎన్నాళ్ళుంటుందో తెలియదట. పిల్లల మాట నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పుష్య శుద్ధ విదియ

ద్రాక్షారామం వెళ్ళాను. సత్రం వంటింట్లో అత్తయ్య గుమ్మడికాయ తరుగుతోంది. నన్ను చూసి కత్తిపీట వదలలేదు. నిలబడే అంతా చెప్పాను.

"దేవుడి రాయి కరగదురా రమణా. మా నాన్న పూజించిన రాయి తరాలపాటు నీళ్ళల్లో నానింది, నీళ్ళకి ఇంత రంగు రాలేదు. కరిగిపోయేది దేవుడెలా అవుతుందని నాకు అనిపించింది. అంతకంటే నాకేం తెలుసు."

"గట్టిగా చెప్పవలసింది అత్తయ్యా."

"చెప్పేను. నేను మాటాడుతున్నంతసేపూ నువ్వు నా మొహంలో ఏముందో చూస్తూ కూర్చున్నావు. మాట ఎక్కడ విన్నావు?"

వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆవిడ ముక్కలు గంగాళంలో వేసింది.

"వెల్లుల్లి కోసం నా మడిబట్టల మూట విప్పేవు. పెంచిన చేతులకి అదొక్కటి మరుపు రావడం లేదు. చూద్దాం. ఇవాళ ఇక్కడ వంట నాది, తిని వెళ్ళు."

తిన్నాను. ఒక్క ముద్ద కూడా ముందు ఎవరూ రుచి చూడలేదు. సాయంత్రం పడవకి మూట పట్టుకుని తనే రేవులోకి వచ్చింది. నాతో మాట్లాడలేదు, పోతురాజుతో మాత్రం వాళ్ళ పేట సంగతులన్నీ చెప్పించుకుంది.

పుష్య శుద్ధ పంచమి

ఇవాళ చాలా రోజుల తర్వాత పూజ సరిగ్గా చేశాను. నాలుగు రాళ్ళు, గణపతి చోట పసుపుముద్ద. అత్తయ్య వంటింట్లో ఉంది. సత్యవేణి గోడ పట్టుకుని నడిచి వచ్చి పీట మీద కూర్చుంది. తీర్థం నీళ్ళలాగే ఉంది, రంగేమీ లేదు. మంత్రం చెప్పి ఉద్ధరిణె ఎత్తాను.

తను చెయ్యి చాపబోయి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"ముందు మీరు పుచ్చుకోండి" అంది.

మెల్లిగానే అంది, కోపమేమీ లేదు. నేను పుచ్చుకున్నాను. నా గొంతు కిందికి దిగేదాకా చూసి, అప్పుడు చెయ్యి చాపింది.